ముందుచాప

మా తూనీగకి ముందుచాపలు మూడు.
పెద్దది ఉల్లిపొరలాంటి గుడ్డ,
పక్కన ఎవరైనా నిట్టూర్చినా నిండిపోతుంది.
నడిమిది నేను కుట్టింది, కొస దగ్గర రెండు మాసికలు.
చిన్నది నారింజ రంగు, గోనెలా బిరుసు.
మూడేళ్లలో రెండుసార్లే సంచి దిగింది,
ఆ రెండుసార్లూ దేవుళ్ల పేర్లు వరస తప్పి పిలిచాను.

మా అమ్మ కాసులమ్మ తాళ్లరేవులో చాపలు కుట్టేది.
చిరిగిన చాప తెచ్చి ముందు పడేస్తే
చిరుగెక్కడో చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేది.
"వెనకంచు పీలికలయిందా, వీడికి దించడానికి బద్ధకం.
మూల ఊడిందా, వీడికి తాడు లాగడమే వచ్చు, వదలడం రాదు."
డాక్టరు ముందు చొక్కా విప్పినట్టు
సరంగులు ఆవిడ ముందు చాప విప్పడానికి సిగ్గుపడేవాళ్లు.
నేను కాపరానికి తెచ్చుకున్నవి
అరచేతికి తొడిగే తోలు, ఆరు సూదులు,
ఆ చూపు.

మాఘమాసం. భైరవపాలెం దగ్గర తెల్లారింది.
మడ అడవిలో ఆకు కదలడం లేదు.
పాటు మొదలై గౌతమి బురదనీళ్లు
మొగవైపు చప్పుడు లేకుండా జారుతున్నాయి.
"పెద్దది కట్టు" అన్నాడు మా ఆయన.
ముప్పయ్యేళ్లు కాకినాడ రేవులో లాంచీ నడిపిన గుర్నాథం,
గాలి కూడా మీట తిప్పితే తగ్గుతుందనుకుంటాడు.
"నడిమిది కడదాం, మొగ దాటాక చూద్దాం."
"గాలేదే?" అని వేలు తడిపి పైకెత్తాడు.

తడివేలికి తెలిసేది ఇక్కడి గాలి.
అక్కడి గాలి సంగతి
దూరాన నీళ్లమీద తెల్లగా బయటపడే పళ్లకి తెలుసు.

కట్టాను. ఇత్తడి కొక్కేలు పదకొండు.
వైరుకి తగిలిస్తూ ఒక్కోటీ లెక్కపెట్టాను,
విప్పేటప్పుడూ ఇవన్నీ నా లెక్కేనని.

మొగలో తూర్పుగాలి ఎదురొచ్చింది.
పాటు ముందుకు తోస్తుంది, గాలి వెనక్కి నెడుతుంది,
మధ్యలో నీళ్లు గోడల్లా లేచి నిలబడ్డాయి.
పడవ ఒరిగింది. లోపల గిన్నెలన్నీ
ఒక్కసారే మాట్లాడాయి.
చుక్కాని ఆయన మాట వినడం మానేసింది.
"దించు!"
అది నోటితో అయ్యే పనన్నట్టు.

మోకాళ్లమీద పాకాను.
పడవ ముక్కు మునిగినప్పుడల్లా నడుందాకా ఉప్పు.
వదులైన దామాను నా చెవి పక్కన గాలిని కొడుతోంది.
"గాలికి వీపు తిప్పు! వెనకచాప చాటు కావాలి నాకు!"
ఎందుకని అడక్కుండా ఆయన తిప్పడం
అదే మొదలు.
చాప నీరసించింది. మీద పడుకున్నాను,
బురదలో జారిపోయే పందిపిల్లని అదిమినట్టు.
పది కొక్కేలు తేలిగ్గానే వచ్చాయి.
పదకొండోది నా గోరు పట్టుకెళ్లింది.
ఎక్కడో పర్రుమంది.

నారింజ గుడ్డముక్క పైకెక్కాక
పడవ నిటారుగా కూచుంది.
వేగం తగ్గలేదు.
ఆ సంగతి ఆయన చూశాడు,
నేను చూడడమూ చూశాడు.

పొద్దుగూకేసరికి ఓడలరేవు ఉప్పుటేట్లో లంగరు.
లాంతరు కింద చాప పరిచాను.
వెనకంచు, జానెడు పైన, మూరెడు చిరుగు.
ఆయన కళ్లజోడు నుదుటిమీదే ఉంచుకుని
మూడోసారికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.
"మీ అమ్మయితే ఏమనేదో?"
"గుడ్డ పాతబడిందనేది" అన్నాను.
ఆవిడ ఎప్పుడూ అనని మాట.

మర్నాడు తెల్లవారుజామున లేచేసరికి
నడిమిది కట్టి ఉంది. కొక్కేలన్నీ సరిగ్గానే,
ఒక్కటి మాత్రం తలకిందులు.
గాలి లేదు. చాప ఆరేసిన తువ్వాల్లా వేలాడుతోంది.
కుట్టు పూర్తయిన పెద్దది నా కాళ్ల దగ్గర సంచిలో ఉంది.
అడగడానికి ఆయనకి నోరు రాదు,
ఇస్తాననడానికి నాకు మనసు రాదు.
పోటు మొదలయ్యేదాకా అలాగే
ఉన్నచోటే తిరుగుతూ
టీ తాగాం.