ఏం తీసుకుంటారు?

తలుపు దగ్గరే ఓ కుర్రాడు
నవ్వుతూ నా కోటు తీసుకున్నాడు.
రసీదు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

బ్రాడ్‌ఫర్డ్‌లో ఇప్పుడిది పేరున్న హోటలు.
హలీనా రిటైరవుతోందని
దుబాసీలం ఏడుగురం భోజనానికొచ్చాం.
పోలిష్, పంజాబీ, సిల్హెటీ, స్లొవాక్...
తెలుగుకి నేనొక్కదాన్నే.
ఇదివరకు ఈ గుమ్మం
ఆకలేసి ఎక్కినవాళ్లం కాదు ఎవరమూ.

గోడలకి ఆ పాత ఓకు చెక్క అలాగే ఉంచారు.
మేజిస్ట్రేట్లు ముగ్గురూ కూర్చునే ఎత్తరుగు మీద
ఇప్పుడు వైను సీసాలు,
అవీ పైనుంచే చూస్తున్నాయి.
ముద్దాయిలు దిగివెళ్లే మెట్లు
టాయిలెట్లకి దారి.
మెనూలో ఒక కాక్‌టెయిలు పేరు "వాయిదా".
జుబేదా చదివి నవ్వింది, అందరం నవ్వాం.

మా బల్ల ఎక్కడ వేశారో
కూర్చున్నాక గాని తెలియలేదు.
కుర్చీ జరుపుకుంటుంటే
ఒకచోట నేల చప్పుడు మారింది.
బోను ఉండిన చోటు.
దానికి ఎడంపక్కన
నేను నిలబడేదాన్ని.

పెంచలయ్య.
నెల్లూరికి అవతల ఏదో ఊరు.
బట్టల గోదాములో మూటలెత్తేవాడు.
జనవరి నెల. ఒంటిమీద కొత్త కోటు,
దానికి కాగితం లేదు.

వాళ్లు అడిగింది నేను తెలుగులో అడిగాను.
అతను బల్లవైపు కాదు, నావైపే చూసి అన్నాడు:
"నేనే తీసుకున్నానమ్మా."

పెళ్లికి చీర తీసుకుంటాం,
గంటసేపు బేరమాడి,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, తీసుకుంటాం.
ఇవ్వకుండానూ తీసుకుంటాం.
ఆ మాటకి రెండు తలుపులు.
ఇంగ్లిషులో చేతికందింది ఒకటి,
అది తెరిచాను.

చెయ్యెత్తి ఉండొచ్చు.
"ఒక్క నిమిషం, ఈ మాట గురించి
ఆయన్ని మళ్లీ అడగాలి" అనొచ్చు.
ఆ హక్కు ఉందని
శిక్షణలో మొదటిరోజే చెప్తారు.
గడియారంలో ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువ.
పొద్దున్నుంచి ఏమీ తినలేదు.
సంచిలో పెరుగన్నం డబ్బా ఉంది.

గుమాస్తా కలం కదిలింది.
ఆరు వారాలు.
మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి
రెండు చేతులూ జోడించాడు:
"బాగా చెప్పినారమ్మా."

కొన్నాడో, కాజేశాడో
నాకిప్పటికీ తెలీదు.
తెలిసుంటే ఏదో ఒకవైపు తిరిగి
నిద్రపోయేదాన్ని.

హలీనా కోసం గ్లాసులెత్తాం.
ముప్ఫయ్యేళ్లలో ఎందరి అబద్ధాలు
నా నోటితో ఆడానో, అంది తను.
నిజాలు? అని ఎవరూ అడగలేదు.
బ్రెడ్డు వచ్చింది, వేడిగా,
వెన్నమీద ఉప్పు పలుకులు మెరుస్తున్నాయి.

ఇవాళ హాడక్ చేప బాగుందట.
చిన్న పుస్తకం తెరిచి, పెన్సిలు ఆనించి,
కుర్రాడు ఒక్కొక్కరి దగ్గరా వంగి
రాసుకుంటూ వస్తున్నాడు.
నన్నూ అడిగాడు, ఇంగ్లిషులోనే.
పాత అలవాటు, నా చెవిలో మటుకు
తెలుగయి పడింది:
ఏం తీసుకుంటారు?

పెన్సిలు ఆగి ఉంది.
బల్లచుట్టూ అందరూ నావైపే చూస్తున్నారు.
"ఒక్క నిమిషం" అన్నాను,
చెయ్యెత్తి.