ఇరవై తొమ్మిదో పాయింటు

ఎనభై ఆరు వరద
మా లంకని మూడ్రోజులు నానబెట్టి పోయాక
అరటితోటలు లేవు, పాకలు లేవు.
బడి వెనక బాల్ బ్యాడ్మింటన్ కోర్టు మీద మాత్రం
మోకాల్లోతు ఒండ్రు.
తాతబ్బాయి దాన్ని ఎత్తిపొయ్యలేదు.
"గోదారే వేసిపెట్టింది కదరా కొత్త కోర్టు" అని
తాటిమొద్దు కట్టి దొర్లించాడు.
కార్తీకానికి అది ఆరి పలకలా నిలిచింది.
పరిగెడితే అరికాలికి చల్లగా తగిలేదంటారు.
నాకు తెలీదు, నేనెప్పుడూ ఆడలేదు.
చూసేవాణ్ణి. అంతే నా పని.

ముందు తాతబ్బాయి.
వెనక మీరాసాహెబు, టైలరు,
బ్యాటు నరం తెగితే మిషను ఆపి తనే అల్లుకునేవాడు.
కొబ్బరి దింపులు తీసే బుల్లబ్బులికి
ఎంత ఎత్తు బంతైనా ఎత్తు కాదు.
దైవసహాయం ఎడమచేతివాటం.
ఐదోవాడి పేరడిగితే ఇప్పటికీ ఊరు కాసేపు ఆగుతుంది.
గవర్రాజు.
తప్పు చెయ్యనివాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ చలికాలం
సైకిలు క్యారేజీ మీద నేను తిరగని ఊరు లేదు.
ఆచంటలో గెలిచాం. మార్టేరులో గెలిచాం.
పెనుగొండలో అకాలవాన పడి
పసుపు ఉన్నిబంతి తడిసిన కోడిపిల్లలా బరువెక్కినా
గెలిచాం.

సెమీఫైనల్లో వచ్చింది చిక్కు.
పదహారుకి ఇరవై రెండు, వెనకబడ్డాం.
చూళ్ళేక దొడ్డివైపు పోయాను.
తిరిగొచ్చేసరికి ఇరవై రెండుకి ఇరవై రెండు.
కూచున్నాను, రెండు పోయాయి.
లేచి వెళ్ళబోయాను, ఒకటొచ్చింది.
పంటు సరంగు పుల్లయ్య
నా మొహంలోకి అదోలా చూసి
"ఒరే, నువ్వేరా!" అన్నాడు.

అంచేత ఫైనల్ నాడు, రాజోలు గ్రౌండులో,
తెల్ల కాన్వాసు బూట్ల తణుకు జట్టు ముందు
మావాళ్ళు ఉత్తికాళ్ళతో దిగుతుంటే
నన్ను భుజాలు పట్టుకు తీసికెళ్ళి
కొబ్బరిచెట్టుకేసి తిప్పి నిలబెట్టారు.
నేనూ కాదనలేదు.
మాను మీద సున్నంతో నూట పద్నాలుగు అని రాసుంది.
కింద ఒక నత్త.

సీజనంతా చూసినవాడికి చెవులు చాలు.
దైవసహాయం దెబ్బ పచ్చి కొబ్బరికాయ కొట్టినట్టుంటుంది.
మీరాసాహెబు కొట్టేముందు చిన్నగా దగ్గుతాడు.
గవర్రాజుకి అసలు చప్పుడే లేదు,
అవతలివాళ్ళు మళ్ళీ కొట్టారంటే
ఇవతల గవర్రాజు తీశాడని లెక్క.
మూడో గేము.
ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది.
నత్త నాలుగంకె దాకా ఎక్కింది. మంచు దిగుతోంది.
చప్పుడు, చప్పుడు, దగ్గు, చప్పుడు.
తరవాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిది ఎంతసేపుందో నాకు తెలీదు.
తణుకువాళ్ళు "అవుటు, అవుటు" అని అరుస్తుండగానే
మా లంక మొత్తం వచ్చి నా వీపు మీద పడింది.

పంటు మీద
కప్పులో కొబ్బరినీళ్ళు పోసుకు తాగాం.
బ్రాసో కంపు.
అంత మంచి నీళ్ళు మళ్ళీ తాగలేదు.

ముప్పై ఏడేళ్ళుగా ఆ పాయింటు చెబుతూనే ఉన్నాను,
టీ కొట్టు దగ్గర, పెళ్ళి బంతుల్లో.
బుల్లబ్బులు ఎంతెత్తు ఎగిరాడో చేత్తో చూపిస్తాను.
ఆ ఎత్తు ఏటా కాస్త పెరుగుతుంది.

మొన్న అమలాపురం ఆసుపత్రిలో తాతబ్బాయిని చూశాను.
శుక్లాల ఆపరేషను, కళ్ళకి కట్టు.
నా గొంతు వినగానే చెయ్యి వెతికి పట్టుకున్నాడు.
"ఆవేళ నాకు చెమట కళ్ళల్లో పడిందిరా.
బంతి ఎక్కడ పడిందో నేను చూళ్ళేదు.
ఇన్నాళ్ళూ ఎవర్నీ అడగలేదు.
నువ్వు చూశావు కదా. లోపలేనా?"

ఫ్యాను తిరుగుతోంది.
నాకు సున్నపు అంకెలు కనిపించాయి.
నత్త కనిపించింది.
"గీతకి బెత్తెడు లోపల" అన్నాను.
"బెత్తెడా?"
"బెత్తెడే. మంచుకి తడిసిన నేల కదా, మచ్చ కూడా పడింది."
కట్టు కింద మీసం కదిలింది.
"పసుపు మచ్చా?"
"పసుపే" అన్నాను.