అరగంట నీళ్లు

చందా పుస్తకం నా దగ్గర్నే ఉంటది.
ఎరువుల కంపెనీ డైరీ, పోయినేడుది.
గంగనర్సు రెండు రియాళ్లు. భూమేశు ఒకటిన్నర.
దుకాణం కుంజుమోన్ పైసలియ్యలే,
ఇరవై ప్లాస్టిక్ కుర్చీలిచ్చిండు,
ఒకటి ఇరిగినా నీ ఖాతాల రాస్తనన్నడు.
పోశెట్టికి నాలుగు నెలల సంది జీతం లేదు.
వాని పేరు కాడ నేను సున్న చుడుతుంటే
పెన్ను గుంజుకొని రాసిండు:
చేతులు, రెండు.

రుస్తాక్ దాటినంక కొండ సందుల ఊరు.
ఖర్జూరం తోటలు, నిమ్మతోటలు, ఒక మసీదు, ఒక బడి.
తోటపనికి మేం పదారుమందిమి,
ఇండ్లల్ల పనికి ఆడోళ్లు నలుగురు.
షేక్ ఇంటికి మూడుమార్లు పోయినం,
మూడుమార్లు కాఫీ తాగిచ్చి పంపిండు.
నాలుగోమారు సరే అన్నడు.
మైకు వద్దు. ఇషా నమాజుకు ముందే ముగియ్యాలె.
"దేవుడా, పూలా?" అనడిగిండు.
"పూలే" అన్నడు గంగనర్సు.
రెండూ ఒకటేనని చెప్పేటంత అరబ్బీ
మాకెవ్వలికి రాదు.

తంగేడు లేదు. గునుగు లేదు.
భూమేశు మేకల గడ్డి మడిలకు పోయి
కోత తప్పి ముదిరిన గడ్డికి పూసిన ఊదాపూలు
లుంగీ నిండ మూటగట్టుకొచ్చిండు.
వాగు రాళ్ల నడుమ పోశెట్టికి దొరికింది
జానెడు మొక్క, పచ్చటి పువ్వు,
తంగేడుకు చిన్నమ్మ బిడ్డ లెక్క.
వాడు దాన్ని వెంటనే తెంపలేదట,
కొద్దిసేపు పక్కన కూసున్నడట.
పెద్దరోడ్డు క్యాంపు పోరలు
రెండు సంచుల గులాబీరంగు పూలు తెచ్చిండ్రు.
యాడివని మేం అడగలే.

పేర్చుడు తెలిసింది రాజవ్వ ఒక్కదానికే.
హెడ్మాస్టరు ఇంట్ల ఆమెకు రెండు గంటల సెలవు.
సత్యవేణిది అమలాపురం దిక్కు:
"మాకిది లేదండీ, మాది అట్లతద్ది" అనుకుంటనే
కాడలు సమం చేసింది.
రాయచోటి మస్తాన్‌బీ చేతికి పూలు చెప్పినట్టు వింటున్నయి.
మట్టల తట్ట చుట్టు మేం మొగోళ్లం.
"గోడ కడుతున్నరా?" అని తిట్టింది రాజవ్వ.
భూమేశు నిజంగనే మేస్త్రి.
సూటిదారం మెల్లగ జేబుల పెట్టుకున్నడు.

పొద్దు వాలేటాళ్లకు ఖల్ఫాన్ తాత వచ్చిండు.
ఫలజ్ కాలువల నీళ్లు ఎవలికి ఎంతసేపో చూసేటాయన.
పగలు కట్టె నీడ, రాత్రి చుక్కలు.
జేబుల ఫోనున్నా మొగులు దిక్కే చూస్తడు.
తట్ట చుట్టు ఒక సుట్టు తిరిగి
గులాబీరంగు వరస మీద కర్ర ఆనించిండు.
"గనం" అన్నడు. "కింద గనం తాగుతయి."
మేకలు.
గన్నేరని అప్పుడు తెలివికొచ్చింది.
ఆ పేరు చెప్తె యాదికొచ్చే మనుషులు
మా ఊర్లల్ల ఉన్నరు. ఎవ్వలం నోరు తెరువలే.
రెండు వరసలు పీకినం.
మోకాలెత్తు బతుకమ్మ జానెడైంది.
రాజవ్వ ఏమనలే,
ఊదాపూల మీద పసుపుముద్ద పెట్టి లేచింది.

నలుగురు ఆడోళ్లు, మైకు లేని చప్పట్లు.
తోటగోడ ఎక్కిన ఊరి పిల్లలు కూడ కొట్టిండ్రు,
ఎప్పుడూ ఒక చప్పట్ ఎనక.

నీళ్లల్ల ఇడిచే యాళ్లకు
కాలువ పక్కతోట దిక్కు మళ్లి ఉన్నది, వాళ్ల వంతు.
ఖల్ఫాన్ మొగులు చూసిండు.
చుక్క ఒకటి కొండ దాటేదాంక ఆపిండు మమ్ముల.
తర్వాత రాతిపలక తనే ఎత్తిండు.
"ఈ అథర్ నాది."
అథరంటే అరగంట.
నిమ్మచెట్లు రేపు తాగుతయన్నడు.

మసీదు మలుపు కాడ తట్ట తట్టుకున్నది.
పోశెట్టి నడుముల్లోతు దిగి
మెల్లగ, లేగను దొబ్బినట్టు దొబ్బిండు.

ఆ రాత్రి పుస్తకంల ఆఖరి పేరు రాసిన:
ఖల్ఫాన్, అరగంట నీళ్లు.
కూడిక ఎట్ల చెయ్యాల్నో తెలుస్తలేదు.
మిగిలింది ఒక రియాల్, మూడొందల బైసలు.
కుర్చీ ఒకటి ఇరిగింది.