ఎనిమిది అంకెల బండ

తాడిపత్రిలో బండల మిషన్ల రోడ్డు.
అడుగులూ అంగుళాలూ లోడు రసీదులూ నా పని.
మౌలాలిది కోత మిషను,
నీళ్ళూ రాతిపిండీ కలిసిన బూడిద బురదలో
మోకాళ్ళ దాకా వాడు.

లారీ రాని ఒక రాత్రి షిఫ్టు.
నడుమ సన్నటి బీటున్న పొడుగు బండ,
ఎవరూ కొననిది, గోడకు ఆనుకొని ఉంది.
పడుకోబెట్టి దాని మీద సుద్దతో రాశాడు:
7 39 39 133
"చదువక్కా."
ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.
ఎవరి బాకీరా ఇది?
"ఎవురిదీ కాదు. ఎవురికీ పంచనీకి రాదు."

చివర బేసి, రెండు దగ్గరికి రాదు.
అంకెలన్నీ కూడితే ముప్పై ఎనిమిది,
మూడు నోరు మూసుకుంటుంది.
ఎనిమిది వేల ఆరు వందల లోపు
ప్రధాన సంఖ్యలు వెయ్యికి పైనే,
ఒక్కొక్కటీ వచ్చి తలుపు తట్టి
ఏదో ఒక శేషం చేతబట్టుకొని వెళ్ళిపోయిందట.
ట్రిప్పు షీట్ల వెనక పేజీలు,
వానలు లేని రెండు వానాకాలాలు
ఆ లెక్కకే అయిపోయాయి.

"అది గొప్ప కాదక్కా. అట్లాంటివి లెక్కలేనన్ని ఉండాయి.
ఇది సూడు."
మిషను మోగింది.
కుడి చివర మూడు తెగి నీళ్ళలో పడింది.
డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు.
"పంచు" అన్నాడు.
నా క్యాలిక్యులేటరు చాలాసేపు తడుముకుంది.
ఇంకొక మూడు పడింది.
ఏడు లక్షల ముప్పై తొమ్మిది వేల మూడు వందల తొంభై ఒకటి.
పంచలేను.
ఒకటి తెగింది, తొమ్మిది తెగింది, మూడు తెగింది,
తెగిన ప్రతిచోటా మిగిలింది
మొదటంత మొండిగానే ఉంది.
ఏడు వందల ముప్పై తొమ్మిది.
డెబ్బై మూడు.
ఏడు.

మరి ఆ చివర ఇంకొక ముక్క అతికిస్తే?
రంపం ఆపి చెయ్యి తుడుచుకున్నాడు.
"ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడొచ్చి నరుకుతాది.
సరి అంకెలకు రెండు, అయిదుకు అయిదే శత్రువు.
మూడుకూ తొమ్మిదికీ ఏదో పెద్దది కాసుకోనుంది,
పుస్తకంలో ఉందన్నారు గానీ
యాడుందో నేనింకా ఎతుకుతాండా.
ఈ జాతిలో ఇంతకంటే పొడుగు బండ లేదక్కా."

వాడి శనివారం కూలి మాత్రం
అంగడి బాకీకి, చీటీకి, అమ్మ దగ్గుమందుకు
శేషం లేకుండా పోతుంది.
ఆ లెక్క రాసేది నేనే.

తెల్లారేసరికి ముక్కలు తలా ఒకటి ఎత్తుకుపోయారు.
ఒక తొమ్మిది బోరింగు కింద బిందెలు మోస్తోంది.
ఒక మూడు టీ బండి చక్రానికి అడ్డం.
మిగతావి ఎక్కడో, అడగలేదు.

ఏడు నా బల్ల మీద ఉంది,
ఫ్యాను గాలికి రసీదులు లేవకుండా.
సుద్ద చెరిగిపోతే
మౌలాలి మేకుతో మళ్ళీ గీశాడు,
కొంచెం వంకరగా.