సున్నాకి కింద తొంభై నాలుగు

ఓర్తా రేవు మీద పొగమంచు దిగి మూడు రోజులు.
ఎదుటి దీవిలో కొండ ఉందని నమ్మడమే,
కనపడదు.
విమానం రాదు.
పెద్దాసుపత్రి వేరే దీవిలో ఉంది,
పడవ మీద పోవాలంటే అట్లాంటిక్ ఒప్పుకోవాలి.

ఈ రాత్రి వెనాన్సియు కడుపూ ఒప్పుకోలేదు.

యాభై రెండేళ్ళు. ఓడల మోకులు అందుకుని కట్టే పని.
ఎనిమిది నెలలుగా వచ్చిపోయే నొప్పి:
వచ్చినప్పుడు తడిసిన ముడిలా బిగుస్తుంది,
పోయాక అసలేం జరగనట్టే ఉంటుంది.
రాతినత్తలు అరగలేదన్నారు రేవులో.
భార్య ఎడువీజెస్ సోంపు కాచి ఇచ్చింది.
నేను గ్యాసన్నాను.
తెల్ల మాత్రలు రాసి పంపాను.

ఇవాళ ఆకుపచ్చటి వాంతి.
నిన్నటి నించీ గాలైనా పోలేదు.
ఉబ్బిన పొట్ట మీద స్టెతస్కోపు ఆనిస్తే
ఖాళీ బిందెలో చుక్క పడ్డ చప్పుడు,
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ముక్కులోంచి గొట్టం వేశాం, సెలైన్ పెట్టాం,
మంచాన్ని స్కానింగ్ గదికి తోశాం.
తెర మీద వలయంలో వలయం,
ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు.
తొందరగా విప్పిన చొక్కా చెయ్యి
లోపలికి తిరగబడి ఇరుక్కున్నట్టు
పేగులోకి పేగు దూరిపోయింది.

"పసిపిల్లల్లో చూశాను డాక్టర్, ఇంత మనిషిలోనా?"
పెద్దవాళ్ళలో ఊరికే దూరదు, దీమస్.
ముందు నడిచి లాక్కుపోయేదేదో ఉంటుంది.

ఉంది. నట్టనడుమ నల్లటి గుండ్రన.
దీమస్ దాని మీద గుర్తు పెట్టాడు.
నీళ్ళయితే సున్నా చూపించే యంత్రం
సున్నాకి కింద తొంభై నాలుగంది.
కొవ్వు.
అప్పటిదాకా ఊపిరి బిగబట్టానని
వదిలాకే తెలిసింది.

వరండాలో ఎడువీజెస్ పేరెత్తకుండా అడిగింది:
"అదేనా?"
వాళ్ళ నాన్న దానితోనే పోయాడు.
"కాకపోవచ్చు."
ఆ మాట ఎంత సన్నటి తాడో
మోకులవాడి భార్యకి నేను చెప్పాలా?
ఇది సాధువమ్మా, ఎక్కడికీ పాకదు, ఎవర్నీ కరవదు.
కానీ సాధువైనా గుమ్మానికి అడ్డం కూర్చుంటే
ఇల్లు ఎలా నడుస్తుంది?

నాలుగింటికి కడుపు తెరిచాం.
పేగులు లెక్కపెడతానని కొట్లాటల్లో అరుస్తారు.
మేం నిజంగానే లెక్కపెట్టాం, జానెడు జానెడుగా,
ఇంకో గడ్డ దాక్కుందేమోనని.
చిన్నపేగు చివరికొచ్చేసరికి
ఒక చోట నేరేడుపండు రంగు.
పసివాళ్ళదైతే గాలి ఊది వెనక్కి నెడతాం.
ఇది అప్పటికే మెత్తబడింది, లాగితే చిరుగుతుంది.
లాగలేదు.
రెండు జానలు కోసి తీసి
మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టాను.
నర్సు కిటికీ వైపు చూసింది, ఇంకా మంచే.

పళ్ళెంలో పెట్టి కోస్తే పసుపు,
వెన్న పసుపు.
నిమ్మకాయంతైనా లేదు.
దీనికి పగా లేదు, పన్నాగమూ లేదు.
పేగు దీన్ని అన్నం ముద్దనుకుంది,
ముందుకు తోసింది, అది కదల్లేదు,
మళ్ళీ తోసింది.
ఎనిమిది నెలలు తన పని తాను చేసీ చేసీ
చివరికి తన్ను తానే మింగింది.

తర్వాత రోజూ పొద్దున్నే నాదొకటే ప్రశ్న:
"గాలి పోయిందా?"
వెనాన్సియు గోడ వైపు తిరిగేవాడు.
తుఫానులో ఓడను కట్టిన మనిషి
ఆ మాటకి చెవులదాకా ఎర్రబడేవాడు.

నాలుగో రోజు నేనింకా మెట్ల మీదే ఉన్నాను.
ఎడువీజెస్ పరుగెత్తుకొచ్చి
చర్చిలో గుసగుసలాడినట్టు చెప్పింది:
"పోయింది డాక్టర్. రెండుసార్లు."
వెనక గదిలోంచి ఆయన కేక,
"మూడు!"

పరీక్షకి పంపిన ముక్క కబురు పదకొండో రోజున వచ్చింది:
కొవ్వుగడ్డ. మరేం లేదు.
దాన్ని ఫైల్లో పెట్టబోతే
కింద నా పాత చీటీ,
గ్యాస్ అని నా చేతిరాత,
పక్కన తేదీ.
చింపలేదు. దాని మీదే పెట్టి పిన్ను కొట్టాను.