గుక్క గుర్తు

మూడు లాంతర్ల దగ్గర మెట్లెక్కితే మా డీటీపీ షాపు.
పగలు శుభలేఖలు, పెదకర్మ కార్డులు.
రాత్రి పదయ్యాక షట్టరు సగం దించి
భానోజీరావు గారి సింఫనీ.

జూట్ మిల్లులో లెక్కల గుమాస్తా ఆయన.
ముప్పయ్యేళ్ళు, పాత లెడ్జర్ల వెనకవైపు,
పెన్సిలుతో రాసుకున్నారు.
తిప్పి చూస్తే ఇంకా కనిపిస్తాయి
బేళ్ళు, టన్నులు, ఎవరిదో కోసేసిన ఓవర్‌టైము.
"అచ్చులో ఒక్కసారి చూసుకోవాలమ్మా" అన్నారు.
వినాలి అనలేదు.

పేజీకి ముప్పై నాలుగు వరుసలు.
పైన పిల్లనగ్రోవులు, అట్టడుగున పెద్ద బాస్‌లు,
నడుమ ఇత్తడి వాళ్ళు, ఎంత చోటిచ్చినా చాలదు వాళ్ళకి.
ఒక్క స్వరాన్ని వెంట్రుకవాసి జరిపితే
వరుసలన్నీ కదిలి సర్దుకుంటాయి,
నెల్లిమర్ల ఆటోలో ఆఖరి మనిషి ఎక్కినట్టు.

రెండొందల పన్నెండో బార్ దగ్గర
సాఫ్ట్‌వేర్ కొయ్యబారిపోతుంది.
తెల్లటి తెర. ఫ్యాను చప్పుడు.
సేవ్ చేశానా, లేదా?

ఈ పనిలో సగం చేతుల లెక్క.
రెండో వయొలిన్ మనిషికి
పేజీ తిప్పడానికి ఒక చెయ్యి ఖాళీ కావాలి.
కుడి పేజీ చివర మూడు బార్ల మౌనం దొరికేదాకా
దానికి ముందున్న అరవై బార్లూ
నొక్కుతాను, సాగదీస్తాను, తిట్టుకుంటాను.
ఆ సర్దుడు ఎవరికీ వినపడదు.
కాగితం చప్పుడు వినపడకపోతే అదే చాలు.

ఆఖరి భాగంలో తప్పెటగుళ్ళు పెట్టారాయన.
అరవై మంది కుర్చీల్లో కూర్చుని వాయిస్తుంటే
ఒక్కడు గుండెకి రేకు కట్టుకుని గెంతుతాడు.
ఏ మెనూలోనూ లేదు దానికి గుర్తు.
ఒంటిగీత వరుస ఒకటి తయారుచేసి
బొండపల్లి నుంచి కోరాడ ఎర్రప్పడిని పిలిపించాం.

వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని
తెర ముందుకి వంగాడు.
"ఏటమ్మా, చీమలబారు లాగుంది.
ఇందల నానెక్కడున్నాను?"
వేలు పెట్టి చూపించాను,
కింద నుంచి తొమ్మిదో వరుస.
చాలాసేపు చూసుకున్నాడు.
"సన్నంగున్నాను" అన్నాడు.

రెండు కంప్యూటర్ల మధ్య ఆ కాస్త జాగాలోనే
మోకాలెత్తు గెంతాడు, గుండె మీద అరచేతులతో.
కింద మందుల షాపాయన మెట్ల దాకా వచ్చాడు.
లెక్కపెడుతున్నాను, తప్పుతున్నాను,
మళ్ళీ ఆడమంటున్నాను.
"గుక్క ఎక్కడ తీసుకుంటావు తాతా?"
"గుక్కా? కాలు నేల మీద లేనప్పుడు."

గుక్క గుర్తు కామాలా ఉంటుంది.
గీత మీద పెట్టరు దాన్ని,
గీతకి పైన, గాలిలో పెడతారు.
ఏడేళ్ళుగా పెడుతున్నాను.
ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

తెల్లారగట్ల ఫైలు పూర్తయింది. నూట ఎనభై ఆరు పేజీలు.
నూట నలభై ఒకటిలో రెండో హార్న్ వంపుగీత
ఇంకా ఒక స్వరం తలకి తగులుతూనే ఉంది.
నాకు మాత్రమే కనిపిస్తుందనుకుంటాను.

భానోజీరావు గారు మొదటి పేజీ అందుకుని
చదవకుండానే తిరగేశారు.
అలవాటు.
వెనక బేళ్ళు లేవు, టన్నులు లేవు.
"ఇదంతా ఖాళీయేనా!" అన్నారు,
జేబులో పెన్సిలు వెతుక్కుంటూ.