ఒక వేలు మందం

అలిపిరి దాటిన మొదటి మలుపులోనే
పాఠం మొదలైంది.
బస్సు ఎడమకి తిరిగితే
పదో తరగతి బి సెక్షన్ మొత్తం కుడికి ఒరిగింది.
"జడత్వం సార్!" అని అరిచింది ఫర్హానా,
ఒళ్ళోని చిత్రాన్నం డబ్బా
జారి మూడో సీటు కిందికి దొర్లిపోతుంటే.

మూడు పీరియడ్లు బోర్డు మీద నేను గీసిన బాణాలు
ఆ డబ్బాకి సాటి రాలేదు.

ఇంకా పైకి పోయేసరికి చెవులు దిబ్బళ్ళు వేశాయి.
గుటక మింగండ్రా, అన్నాను.
నెత్తి మీద మనం పుట్టినకాడ్నుంచి మోస్తున్న గాలిమూట
మలుపు మలుపుకీ కాస్త తేలికవుతోంది,
చెవి లోపలి గాలికి ఆ కబురు
ఆలస్యంగా అందుతుంది, అంతే.
టక్కుమని తెరుచుకున్న చెవులతో
నలభై ఒక్క మొహాలు నవ్వాయి.

నలభై రెండోది మునిశేఖర్‌ది.
చివరి సీట్లో, కిటికీ కమ్మికి నుదురు ఆనించి.
అందరికంటే రెండేళ్ళు పెద్ద.
ఎనిమిది అయినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయి
రెండు కాపులు కాయలు కడిగి,
మిగిలిన నెలలు ఎక్కడెక్కడో ఉండి
మళ్ళీ మా పాకాల బడికి వచ్చాడు.
వచ్చిన రోజు రిజిస్టరు తెరిచి
"రెండేళ్ళు గాలికి పాయ గదరా" అన్నది నేనే.
వాడు తన చెప్పుల్ని చూసుకున్నాడు.

అనుమతి కాయితం చూపించి, బస్సు పక్కకి తీయించి,
కొండ కోసిన చోట దిగాం.
కింద గ్రానైటు, ముతకగా, మొండిగా,
ఏ పొరా లేకుండా, ఒకే ముద్ద.
దాని మీద క్వార్ట్‌జైటు, అరలు అరలుగా,
ఏనాటి నీళ్ళో అల వెంట అల పరిచిపోయిన ఇసుక
రాయిగా బిగిసింది.
సముద్రం ఎరగని ఊళ్ళ పిల్లలు
నెత్తికి పైన ఇసుక తిన్నెని తలెత్తి చూశారు.

రెండింటి నడుమ ఒక గీత.
"వేలు పెట్టండి. ఒక వేలు మందం.
ఆ వేలి కింద యాభై కోట్ల ఏళ్ళ రాయి ఉండాల.
లేదు."

"యాడికి పాయ సార్?"
"ఎవురన్నా ఎత్తకపోయినారా?"
క్వారీ లారీలు చూసి పెరిగిన పిల్లలు, అలాగే అడుగుతారు.

వాన, అన్నాను. ఎండకి ఉబ్బి, రాత్రికి ముడుచుకుని,
పెచ్చు పెచ్చుగా రాలి,
రాయి గులకై, గులక ఇసుకై, ఇసుక ఏటి పాలై.
రాసిపెట్టే రాయి లేదు గానీ
పని జరుగుతానే ఉన్నింది.

అందరూ వేళ్ళు తీసేసి కోతుల వైపు పోయారు.
మునిశేఖర్ బొటనవేలు మాత్రం
ఆ గీత మీదే ఉండిపోయింది.

"సార్," అన్నాడు, నన్ను చూడకుండా,
"బెల్టు కాడ పొద్దుగూకులూ నీళ్ళల్లో కాయలు రుద్దితే
వేలిముద్ర అరిగిపోతాది.
బడిలో చేరేటప్పుడు ఆధార్ మిషను
నా వేలు తీసుకోలా. నాలుగు సార్లు పెట్టిరి."
కాసేపాగి,
"ఇదీ అట్లాంటిదేనా సార్?"

భూమి వయసు నాకు అంకెల్లో వచ్చు.
ఆ ప్రశ్నకి ఎన్ని మార్కులో తెలియలేదు.
"అట్లాంటిదే" అన్నాను,
గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.
ఈసారి చెవులు దిబ్బళ్ళు పడినందుకు కాదు.

దిగేటప్పుడు బ్రేకుల వాసన బస్సంతా కమ్ముకుంది.
పొద్దున ఎక్కిన ఎత్తంతా ఎక్కడికి పోతోంది, అని అడిగాను.
"చక్రాల్లోకి సార్, వేడి అయిపోతా ఉంది" అంది ఫర్హానా,
ముక్కు మూసుకుని.
డబ్బా దొరికింది, మూత దొరకలేదు.

వాన సన్నగా పట్టుకుంది.
వెనక అద్దానికి ఆవిరి పట్టింది.
దాని మీద మునిశేఖర్ నొక్కి తీసిన బొటనవేలి గుర్తు,
ఒక్క గీత కూడా లేదు, ఉత్త గుండ్రన.
అందులోంచి
తిరుపతి దీపాలు మాత్రం తేటగా కనపడుతున్నాయి.